లాడ్జీ రశీదు

(ఎస్.ఆర్. నగర్‌లో జరిగిన సంఘ సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



‘విశ్రాంత జీవితంలో యాత్రలు’ అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నాకంటె ముందు మాట్లాడిన మిత్రులలో ఒకరు కాశీ గురించి, ఒకరు రామేశ్వరం గురించి, మరొకరు అమెరికాలో కొడుకు ఇంట్లో గడిపిన ఆరు నెలల గురించి చక్కగా చెప్పారు. నేను చేసిన యాత్ర మాత్రం పది కిలోమీటర్లది. పోయిన చలికాలంలో నేనూ మా ఆవిడా అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చిన్న లాడ్జీలో ఒక రాత్రి బస చేశాం.

మా అబ్బాయి నవ్వాడు. “సొంత ఇల్లు పెట్టుకుని, డబ్బిచ్చి అక్కడ పడుకోవడమేమిటి నాన్నా?” అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. చార్మినార్ చూడాలంటే పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. కాని పాత నగరంలో చూడదగిన వేళలు రెండున్నాయి. ఒకటి దుకాణాలు మూసేశాక వచ్చే రాత్రి, రెండోది దుకాణాలు తెరవకముందు వచ్చే తెల్లవారుజాము. ఆ రెండు వేళలూ అక్కడ బస చేసినవాడికే దొరుకుతాయి. ఇదీ నేను మా అబ్బాయికి చెప్పిన కారణం. చెప్పని కారణం మరొకటి ఉంది. అది చివర మనవి చేస్తాను.

ప్రయాణం చాలా సులువు. ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కితే బండి మారే పని లేకుండా పదో స్టేషను మహాత్మాగాంధీ బస్ స్టేషన్. అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ దాకా మెట్రో నడవడం 2018 సెప్టెంబరులో మొదలైంది. స్టేషన్లలో లిఫ్టులున్నాయి కాబట్టి మోకాళ్ళ నొప్పుల వాళ్ళు భయపడనక్కరలేదు. అక్కడినుంచి ఆటోలో అఫ్జల్‌గంజ్ వెళ్ళాం.

నేను మొదటిసారి ఆ చోటికి వచ్చింది 1979లో, నల్లగొండ నుంచి, ఆఫీసు లెక్కలు సరిచూపించుకునే పని మీద. అప్పుడు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ లేదు. అది 1994లో వచ్చింది. మా బస్సు గౌలిగూడలో ఆగేది. గుమ్మటంలాంటి రేకుల షెడ్డు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 జూలైలో అది కూలిపోయింది. బస్సు దిగి ఫైళ్ళ మూట చంకన పెట్టుకుని నడిస్తే అఫ్జల్‌గంజ్. అక్కడ గల్లీ గల్లీకి లాడ్జీలు.

ఆ ప్రాంతంలో అన్ని లాడ్జీలు ఎందుకున్నాయో ఆలోచిస్తే ఆ ఊరి స్వభావమంతా తెలుస్తుంది. ఒక పక్క ఉస్మానియా ఆసుపత్రి. జిల్లాల నుంచి రోగిని తెచ్చినవాళ్ళకు తల దాచుకునే చోటు కావాలి. మరో పక్క బేగంబజార్. సరుకు కొనడానికి వచ్చిన చిల్లర వర్తకులకు ఒక రాత్రి కావాలి. నదికి అవతల పత్తర్‌గట్టి, లాడ్‌బజార్. పెళ్ళి బట్టలకు, గాజులకు వచ్చినవాళ్ళు ఎలాగూ ఉంటారు. విలాసం కోసం అక్కడ దిగేవాడు అరుదు. పనిబడి వచ్చినవాడే దిగుతాడు.

ఈసారి మేము దిగిన లాడ్జీ కూడా అలాంటిదే. రెండు మంచాలు, ఒక ఫ్యాను, ఒక చిన్న టీవీ, గోడకు అద్దం. నాలాంటి వయసువాళ్ళకు ఉపయోగపడతాయని కొన్ని సంగతులు చెబుతాను. గది చూడకుండా డబ్బు కట్టకండి. మెట్లు ఎన్నో, మరుగుదొడ్డి ఏ పద్ధతిదో ముందే చూసుకోండి. వేడినీళ్ళు ఏ వేళ వస్తాయో అడగండి. ఆధార్ జిరాక్సు తప్పకుండా అడుగుతారు. మొదటి ఎనిమిది అంకెలు కనిపించని ఆధార్ ప్రతి దొరుకుతుంది, అది తీసుకువెళ్ళడం మంచిది. చిన్న లాడ్జీలలో చాలాచోట్ల ఇరవై నాలుగు గంటల లెక్క. ఉదయం పదింటికి దిగితే మర్నాడు పదింటి దాకా గది మనదే. అందుచేత పొద్దున్నే దిగడం లాభం.

మేము పదింటికి దిగి, సామాను పెట్టి, సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాం. శుక్రవారం సెలవు, అది గమనించండి. పన్నెండు కావస్తుండగా గడియారం ముందు జనం బెంచీల మీద కూర్చున్నారు. చిన్న బొమ్మ మనిషి తలుపు తెరుచుకుని వచ్చి పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి వెళ్ళిపోయాడు. మా ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నం ఎండకు గదికి వచ్చి రెండు గంటలు పడుకున్నాం. లాడ్జీ చేసే మేలు ఇదే. డెబ్భై దాటినవాడికి ఊరి మధ్యలో ఒక మంచం ఉంటే ఊరంతా చూడగలడు.

సాయంత్రం ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గర కాసేపు నిలబడ్డాం. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ పక్కనే రోగుల తాలూకు మనుషులు చాపలు పరుచుకుంటున్నారు. లాడ్జీ గది కూడా అందనివాళ్ళు వాళ్ళు. నాకు ఒక పాత మనిషి గుర్తుకు వచ్చాడు. ఆయన గురించే చెప్పాలి.

1979లో నేను మూడు రాత్రులు ఉన్న లాడ్జీలో గది అద్దె రోజుకు ఆరు రూపాయలు. వెళ్ళేటప్పుడు మేనేజరు రశీదు పుస్తకం తెరిచి, తల ఎత్తకుండానే “కిత్నా లిఖ్‌నా సాబ్?” అన్నాడు. ఆ ప్రశ్నకు అర్థం మీకు నేను చెప్పనక్కరలేదు. నేను “దస్” అన్నాను. పద్దెనిమిది రూపాయలు తీసుకుని ముప్ఫైకి రశీదు రాసిచ్చాడు. టి.ఎ. బిల్లు పాసైంది. మిగిలిన పన్నెండు రూపాయలకు కొంత కలిపి లాడ్‌బజార్‌లో లక్క గాజులు కొన్నాను. అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది.

కథ అంతటితో అయిపోతే మీకు చెప్పేవాణ్ణి కాదు. 1983లో నన్ను బిల్లుల సెక్షన్‌లో వేశారు. మా ఆఫీసు అటెండరు ఒకాయన హైదరాబాదుకు ఫైళ్ళు తీసుకువెళ్ళి, స్టేషను దగ్గర సరాయిలో రెండు రాత్రులు పడుకుని వచ్చి బిల్లు పెట్టాడు. రశీదు లేదు. నేను ఎర్ర సిరాతో ‘రశీదు జతపరచనందున తిరిగి పంపడమైనది’ అని రాశాను. ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి, “పండుకున్న మాట నిజం సార్. ఫైళ్ళ మూట తలకింద పెట్టుకొని పండుకున్న. కాయిదం అడగాల్నని నాకు ఎరుక లేదు” అన్నాడు. ఆఫీసరుగారి చేత ఒక ధ్రువీకరణ రాయించి పెడితే దారి ఉండేదేమో. ఆ మాట నేను చెప్పలేదు. రూలు రూలే అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళిపోయాడు. రశీదున్న నా అబద్ధం పాసైంది, రశీదు లేని ఆయన నిజం తిరిగి వచ్చింది. ఆయన ఇప్పుడు లేరు. ఆయన పిల్లలు ఎక్కడున్నారో ఎంత విచారించినా తెలియలేదు.

ఆ రాత్రి పది దాటాక మదీనా మీదుగా పత్తర్‌గట్టి రాతి తోరణాల కిందుగా చార్మినార్ దాకా నడిచాం. షట్టర్లు దిగాయి. గుల్జార్ హౌజ్ దగ్గర ఒక చాయ్ బండి మాత్రం ఉంది. 1889లో అమర్చిన గడియారాలు నాలుగు వైపులా వెలుగుతున్నాయి. లాడ్‌బజార్ మొదట్లో నిలబడి మా ఆవిడకు ఈ సంగతంతా చెప్పాను. నలభై ఆరేళ్ళు చెప్పని మాట. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, “గాజుల సంగతి సరేనండీ, అవి ఎప్పుడో పగిలిపోయాయి. ఆ మనిషికి ఆ దారేదో చెప్పి ఉండవలసింది” అంది. నా తప్పు ఎక్కడ ఉన్నదో ఆమె సరిగ్గా అక్కడ వేలు పెట్టింది.

మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ వెళ్ళి, అజాన్ విని, పావురాలకు గింజలు వేసి, తొమ్మిదిన్నరకు గది ఖాళీ చేశాం. కౌంటరు దగ్గర మా ముందు బ్యాగు పట్టుకున్న ఒక కుర్ర ఉద్యోగి, “పదమూడు వందలకు వేయి తమ్ముడూ” అంటున్నాడు. కౌంటరులో అబ్బాయి, “కంప్యూటరు బిల్లన్నా, నా చేతిలో లేదు” అన్నాడు. మా ఆవిడ నావైపు చూసింది. నేను బల్ల మీది క్యాలెండరు చూశాను. నా బిల్లు వచ్చింది. గది అద్దె 900, పన్ను 45, మొత్తం 945. వెయ్యిలోపు గదులకు ఒకప్పుడు ఈ పన్ను లేదు. 2022 జూలైలో పన్నెండు శాతం వేసి, 2025 సెప్టెంబరులో అయిదుకు తగ్గించారు.

మిత్రులారా, ఇప్పుడు మన పేట సంగతి. కోచింగుల కోసం అమీర్‌పేట వచ్చే పిల్లలకు మన ఎస్.ఆర్. నగర్ ఇళ్ళే హాస్టళ్ళయ్యాయి. మనలో కొందరం పై అంతస్తు అద్దెకిచ్చి ఆ ఆదాయంతో మందులు కొనుక్కుంటున్నాం. ఫైళ్ళ మూటతో గౌలిగూడలో దిగిన నాలాగే ఆ పిల్లలూ ఇక్కడ దిగుతున్నారు. వాళ్ళ దగ్గర ఎంత తీసుకుంటే అంతకు రశీదు ఇవ్వండి. అడగడం తెలియని పిల్లవాడికి అడగకముందే ఇవ్వండి. ఏదైనా కాగితం లేక వాడు ఎక్కడైనా చిక్కుపడితే దారి చెప్పండి. ముప్ఫై, నలభై ఏళ్ళు కాగితాల మధ్య బతికినవాళ్ళం. మనకు తెలిసినన్ని దారులు ఎవరికి తెలుసు?

అలాగే, ఒళ్ళు సహకరించేవారు ఏడాదికొకసారి ఇలా ఒక రాత్రి పాత నగరంలో గడిపి రండి. ఏళ్ళ తరబడి ఏ ఊరికి ఫైళ్ళు మోశామో ఆ ఊరిని తీరిగ్గా ఒకసారి చూసినట్టుంటుంది.

చివరగా ఒక మనవి. ఆ అటెండరుగారి పేర 945 రూపాయలు మన సంఘం సంక్షేమ నిధికి ఇస్తున్నాను. కోశాధికారిగారు దయచేసి రశీదు ఇప్పించాలి. ఎంతకు రాయమంటారని మాత్రం నన్ను అడగవద్దు.