పేరు లేని ఇల్లాలి డైరీ

పిల్లలు ఎదుగుతున్న వేళ ‘ఇంతేనా నా బతుకు’ అని తనను తాను అడిగే ఇల్లాలిని కడుపుబ్బ నవ్విస్తూ చూపిన ఇంగ్లిషు నవల ‘డైరీ ఆఫ్ ఎ ప్రొవిన్షియల్ లేడీ’. రచయిత్రి ఇ. ఎం. డెలాఫీల్డ్. ‘టైమ్ అండ్ టైడ్’ వారపత్రికలో ధారావాహికగా సాగి, 1930లో పుస్తకమైంది.

ఇంగ్లండ్‌లోని డెవన్ పల్లెసీమ. కథానాయికకు పేరే లేదు. బ్యాంకు ఖాతాలో ఎప్పుడూ అప్పే. పెద్దల నాటి వజ్రపుటుంగరం తాకట్టుకు వెళ్తుంది. వంటమనిషి మానేస్తుందేమోనని బెంగ. పొరుగింటి లేడీ బాక్స్ డాబు ముందు మాట పెగలదు. తగిన జవాబు ఇంటికొచ్చాకే తడుతుంది. మనసు విప్పబోతే భర్త రాబర్ట్ పేపరు చాటున నిద్రపోతాడు. ఇవన్నీ ఆమె ఏడుస్తూ రాయదు, ముక్తసరిగా రాస్తుంది. నవ్వు పుట్టేది అక్కడే. ఆ నవ్వులోంచి ఆమె తెలివీ ఒంటరితనమూ వినిపిస్తాయి.

తర్వాత మరో మూడు డైరీలు వచ్చాయి. మొదటిదే మేలైనదని నా అభిప్రాయం. ఇంగ్లిషు చదవగలిగితే దానితోనే మొదలుపెట్టండి.