చేవను విడిచి ఆకులు ఏరుకోరాదు
(ధమ్మచక్ర ప్రవర్తన దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1956 అక్టోబర్ 14వ తేదీన నాగపూరులో బాబాసాహెబ్ అంబేడ్కర్ ధమ్మదీక్ష స్వీకరించి, తన వెంట వచ్చిన లక్షలాది ప్రజల చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. మనుషులందరూ సమానులని విశ్వసిస్తామని, ఆ సమానత్వ స్థాపనకు పాటుపడతామని వాటిలో ఉంది. ఆ ప్రతిజ్ఞలు నేనూ చేశాను. అవి నాలో ఎంత లోతుకు దిగాయో మాత్రం ఒక కూలిన చెట్టు నాకు చూపించింది. ఈనాడు ఆ సంగతే మనవి చేస్తాను.

ఢిల్లీలోని సరోజినీ నగర్ ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లకు పేరుపొందిన ప్రాంతం. హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడు పేరు దానికి పెట్టారు. క్వార్టర్లతో పాటు పెరిగిన చెట్లే ఆ కాలనీకి నీడ. 2018 జూన్‌లో పునర్నిర్మాణం కోసం వాటిని నరకబోగా జనం మానులను కౌగిలించుకొని నిలిచారు. ఢిల్లీ హైకోర్టు ఆ నరికివేతను తాత్కాలికంగా నిలిపివేసింది. అలా మనుషులు కాపాడుకున్న చెట్లను 2022 మే 30వ తేదీ సాయంత్రం గాలివాన పరీక్షించింది. గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలికి నగరంలో ఎన్నో చెట్లు కూలాయి. మా వెనుక సందులోని పెద్ద వేపచెట్టు కూడా వేళ్లతో సహా ఒరిగిపోయింది.

అది పడిన చోటు చాలా ఇరుకైనది. మాను ప్రహరీగోడ మీద ఆనింది. కొమ్మలు కరెంటు తీగలలో చిక్కుకున్నాయి. ఆ సందులోకి లారీ రాదు. అది ప్రభుత్వ స్థలంలోని చెట్టు. ఇవ్వనిదాన్ని తీసుకోకపోవడం మన రెండవ శీలం. కనుక ముందుగా అధికారులకు తెలియజేశాము. వారు కరెంటు ఆపించి, మానును తాము తీసుకుపోతామని, కొమ్మలను మేము వాడుకోవచ్చని చెప్పారు.

ఆ పని తెలిసినవారు మాలో ఒక్కరే ఉన్నారు. ఆయన మా సందు ఊడ్చే ఆమె భర్త. పడిన చెట్టు చచ్చిన పాము కాదని ఆయన మమ్మల్ని హెచ్చరించాడు. వంగి బిగువు మీద ఉన్న కొమ్మను తప్పు వైపున కోస్తే అది ఎగిరి తన్నుతుంది. బరువు తగ్గగానే వేళ్ల ముద్ద వెనక్కి పడిపోవచ్చు; అందుకే ఆ గోతిలో ఎవరినీ నిలబడనీయలేదు. చివరి కొమ్మల నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కదానికి మోకు కట్టి, కోసి, మెల్లగా దించాడు. ఆయన కొడుకు గోడ మీద నిలబడి మోకు పట్టాడు. రెండు రోజులు అలా సాగింది.

మొదటి రోజు సాయంత్రం పంపకం జరిగింది. లావుపాటి కట్టెలు చలికాలపు నెగళ్ల కోసం క్వార్టర్లవారు తమవైపు వేసుకున్నారు. ఆ కుటుంబానికి ఆకులూ పుల్లలూ చూపించి, “మీకు ఇవి చాలు కదా” అన్నారొకరు. వారి ఇంట పొయ్యి వెలిగేది కట్టెలతోనే. ఆయన తల వంచుకొని పుల్లలు ఏరుకున్నాడు. నేను అక్కడే ఉండి నోరు మెదపలేదు.

ఆ రాత్రి నాకు మహాసారోపమ సుత్తం గుర్తుకు వచ్చింది. దేవదత్తుడు సంఘాన్ని వీడిపోయిన తరువాత రాజగృహంలోని గృధ్రకూటం మీద భగవానుడు చేసిన బోధ అది. చేవ కోసం అడవికి వెళ్లినవాడు కొమ్మలూ ఆకులూ కోసుకొని, అదే చేవ అనుకొని తిరిగివస్తాడు. మరొకడు పై పెచ్చుతో, ఇంకొకడు లోపలి బెరడుతో, వేరొకడు చేవ చుట్టూ ఉండే మెత్తని కర్రతో తృప్తి పడతాడు. లాభం, గౌరవం, కీర్తి ఆకులతోనూ కొమ్మలతోనూ సమానమని ఆయన చెప్పారు. మన భాషలో కూడా చేవ అంటే చెట్టు నడిమి గట్టి కర్ర, మనిషిలోని సత్తువ కూడా. ఆ సాయంత్రం ఆకులు ఏరుకున్నది ఆయన కాదు, నేను. బౌద్ధుడనన్న పేరు నా చేతిలో ఉంది, చేవ లేదు.

మరునాడు పని మొదలుకాకముందే పొరుగువారికి నా మాట చెప్పాను. ప్రాణాపాయానికి ఒడ్డిన చేతులకు ముందు వాటా, కట్టెతోనే వండుకునే ఇంటికి పెద్ద వాటా ఇవ్వాలన్నాను. కొందరు ఒప్పుకున్నారు. ఇద్దరు చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆయనతో, “తమ్ముడూ, నిన్న మాట్లాడనందుకు మన్నించు” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మోకు రెండవ కొస నా చేతికి ఇచ్చాడు.

పచ్చి వేపకట్టె బరువు, పొగ ఎక్కువ. చీల్చి నెలల తరబడి ఆరబెడితే గాని చక్కగా మండదు. ఆ చలికాలంలో మా గుమ్మం ముందు నెగడు, వారి గుడిసెలో పొయ్యి ఒకే చెట్టు కట్టెతో వెలిగాయి. శ్రావస్తిలో అస్సలాయనుడనే బ్రాహ్మణ యువకుణ్ణి భగవానుడు అడిగిన ప్రశ్న ఇదే కదా: ఉన్నత కులజుడు చందనపు కర్రతో రగిల్చిన నిప్పుకూ, చండాలుడు ఆముదపు కర్రతో రగిల్చిన నిప్పుకూ వెలుగులో, వేడిలో భేదమున్నదా? లేదని అతడు ఒప్పుకోవలసి వచ్చింది.

మిత్రులారా, మన దీక్షకు పరీక్ష ఈ వేదిక మీద జరగదు. మన వెనుక సందులో, పంపకం వేళ జరుగుతుంది. అక్కడ మౌనం వహించిన నాడు మన చేతిలో ఆకులే మిగులుతాయి.