చేయి పోని చోట నట్టు
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుకు వస్తుంది. దాని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఈ సభలో ఉన్నారు. డి.ఎ. బకాయిల సంగతి కార్యదర్శిగారు ఎలాగూ చెబుతారు. "అమెరికా పోయి వచ్చినవు గదా, అక్కడి విశేషమేదైనా చెప్పు" అని నన్ను ఆజ్ఞాపించారు. నేను చూసిన విశేషం ఒక్కటే, ఒక కారు షెడ్డు. ఉన్న ఆరు నెలల్లో నాలుగు నెలలు అందులోనే గడిచాయి.

మా అల్లుడికి డల్లాస్ దగ్గర కంప్యూటరు ఉద్యోగం. సాయంత్రాలు, సెలవు రోజులు ఇంటి షెడ్డులో విమానం కడుతున్నాడు. నవ్వకండి. నేనూ మొదట నవ్వాను, తర్వాత భయపడ్డాను. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. ఆరెగాన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఆయన 1973లో పెట్టిన కంపెనీ విడిభాగాలు పెట్టెల్లో పంపుతుంది. వాటితో జనం ఇళ్ళలో కట్టుకుని ఎగిరించినవి ఇప్పటికి పదివేలు దాటాయి. పనిలో సగానికి మించి కట్టేవారే చేసి ఉండాలని అక్కడి విమానశాఖ నిబంధన. మన దేశంలో కూడా ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలటు ఇంటి డాబా మీద విమానం కట్టి, 2017లో దానికి రిజిస్ట్రేషను సంపాదించాడు.

నాకిచ్చిన పని లైటు పట్టుకోవడం, అడిగిన పానా అందించడం. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు అందించినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. కాని రెక్క వచ్చి పొట్టకు కలిసే చోట బోల్టులున్నాయి చూడండి, అక్కడ కన్ను పెడితే చేయి పట్టదు, చేయి పెడితే కన్నుకు సందు ఉండదు. మా అల్లుడి చేతులు లావు. నావి ఎముకలే గనుక దూరతాయి. అట్లా నాకు ప్రమోషను వచ్చింది.

నట్టు బిగించడమంటే బలం కొద్దీ తిప్పడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మన బోరు మోటార్ల దగ్గర చూస్తున్నది అదే గదా, పానాకు పైపు తొడిగి ఇద్దరు వేలాడతారు. అది తప్పట. బిగిస్తుంటే బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. సాగినది స్ప్రింగులాగా వెనక్కి లాగుతూ రెండు రేకులనూ కలిపి పడుతుంది. తక్కువ బిగిస్తే అదురుకు వదులవుతుంది, ఎక్కువ బిగిస్తే మరలు చెడతాయి, లేదా బోల్టు తెగుతుంది. అందుకే బిగువును కొలిచే పానా ఒకటి ఉంటుంది. అనుకున్న బిగువు రాగానే 'టిక్కు' మంటుంది. బోల్టు సైజును బట్టి ఎంత బిగువో పట్టిక ఉంది, అంగుళం-పౌన్లలో.

ఇరుకు చోట ఆ పానా పట్టదు. దాని కొనకు కాకికాలు వంటి ముక్క తగిలించాలి. తగిలించగానే లెక్క మారుతుంది. పానా పొడవు 10 అంగుళాలు, ముక్క 2 అంగుళాలు ముందుకు పొడుచుకు వస్తే మొత్తం 12. నట్టుకు 25 కావాలంటే పానా మీద 25 పెట్టకూడదు. ఇరవై అయిదు పదుల్ని పన్నెండుతో భాగించి, 21కి కొంచెం తక్కువ పెట్టాలి. ఉట్టి త్రైరాశికం. ముక్కను పానాకు అడ్డంగా, మూలమట్టంగా పెడితే మాత్రం లెక్క మారదు. ఈ సంగతి నేను పుస్తకం చూసి మా అల్లుడికి చెబితే, "మామయ్యా, మీరు ఇంజనీరు కావలసింది" అన్నాడు. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వాషరు లోపల జారిపడిపోవడం ఇంకో బాధ. పడితే వెతికి తీసేదాకా పని ఆగినట్టే. దీనికి ఉపాయం మన గద్వాల నుంచే తట్టింది. నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదే కలిపే ఊరు మనది. మా వీధిలో ఒక అవ్వ తెగిన పోగులను మాట్లాడుతూనే, చూడకుండా, వేళ్ళతో అతికేది. నేను వాషరు కన్నంలోంచి దారం దూర్చి, రెండు కొనలూ చేతిలో పట్టుకుని దించాను. బోల్టు కొనకు ఎక్కగానే ఒక కొన వదిలి రెండోది లాగేస్తే దారం బయటికి వచ్చేస్తుంది. నట్టు పానాలోంచి జారకుండా మధ్యన చిన్న కాగితం ముక్క పెట్టేవాళ్ళం.

ఇక అసలు సంగతి. ఒక మధ్యాహ్నం నాలుగో నట్టు నేను బిగించాను. 'టిక్కు' మన్నది. బిగించినట్టు గుర్తుగా ఎర్రరంగు చుక్క పెట్టాను. "అయిందా మామయ్యా?" అంటే "అయింది" అన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ చప్పుడు పానాదా, లేక పానా పిడి పక్క రేకుకు తగిలిన చప్పుడా?

మా అల్లుడే ఒకసారి చెప్పాడు. 1990 జూన్ 10న బర్మింగ్‌హాం నుంచి వెళుతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి 17,300 అడుగుల ఎత్తున ముందు అద్దం ఊడిపోయింది. కెప్టెను సగం శరీరం బయటికి పోతే కాళ్ళు పట్టుకుని ఆపారు. దేవుడి దయ, అందరూ బతికారు. విచారిస్తే, అంతకుముందే ఆ అద్దం మార్చినప్పుడు 90 బోల్టుల్లో 84 సన్నవి వేశారు. బిగించినాయన అందని చోటికి పక్కనుంచి వంగి చేయి చాచాడు. చేతి కింద ఏం జరుగుతున్నదో కనబడలేదు. మరలు జారిన చప్పుడును బిగిసిన చప్పుడనుకున్నాడు.

ఆ రాత్రి నాకు ఆ అద్దం కంటే వేరేది గుర్తుకు వచ్చింది. ఆఫీసు పేరు చెప్పను. ఒక అటెండరు సర్వీసు రిజిస్టరులో సెలవు కాలం పద్దు పక్కన "సరిచూచితిని" అని రాసి పొడి అక్షరాలు పెట్టినవాణ్ణి నేను. పాత హాజరు పట్టీ బీరువా కింద, అయిదారు కట్టల అడుగున ఉంది. వంగి లాగడానికి బద్ధకించాను. అతడు పోయిన తర్వాత ఆ పద్దు తేలక, భార్యకు కుటుంబ పింఛను పద్నాలుగు నెలలు ఆగింది. ఆమె బిడ్డను చంకనెత్తుకుని బస్సెక్కి వచ్చినప్పుడల్లా "వచ్చే వారం రా అమ్మా" అన్నది కూడా నేనే. పద్దు ఎవరిదో ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఈ రోజే మొదటిసారి చెబుతున్నాను.

తెల్లవారగానే మా అల్లుడితో "బాబూ, నాలుగోదాని మీద నేను పెట్టిన చుక్క నమ్మవద్దు" అన్నాను. ఒక్క మాట అనలేదు. "మంచిది మామయ్యా, చూద్దాం" అన్నాడు. అప్పటికే అడ్డంగా బిగించిన రేకులు, పైపులు విప్పడానికి ఆదివారమంతా పట్టింది. పానా పెడితే, 'టిక్కు' మనేసరికి నట్టు ఇంచుమించు పావు చుట్టు తిరిగింది.

దాన్ని తీసేసి కొత్తది వేశాం. మనవరాలు అద్దం, లైటు పట్టుకుంది. నేను బిగించాను, మా అల్లుడు మళ్ళీ పానా పెట్టి చూశాడు. లాగుబుక్కులో తేదీ వేసి ఇద్దరం సంతకాలు పెట్టాం. విమానంలో మొదట పక్కన కూర్చునేది తానేనని ఆ పిల్ల ఇప్పటికే తీర్మానించుకుంది. సంతకం పెట్టేటప్పుడు నా చేయి కాసేపు ఆగింది.

తీసేసిన ఆ పాత నట్టును జేబులో వేసుకుని వచ్చాను. ఇదిగో, అందరూ చూడండి. లోపల తెల్లటి నైలాను వలయం ఉంటుంది, వేలితో తడమండి. అదురుకు వదులు కాకుండా పట్టుకునేది అదే. ఆడవాళ్ళ వరుస దాకా వెళ్ళనిచ్చి, తిరిగి నా చేతికే ఇప్పించండి. మనవరాలికి లెక్క అప్పజెప్పాలి.