ఫ్లాస్కు నుంచి ఫ్యాక్టరీ దాకా



నాట్య ప్రదర్శనకూ భోజనాలకూ మధ్య సైన్సు ఉపన్యాసం పెట్టినందుకు కార్యవర్గాన్ని లోలోపల తిట్టుకుంటున్నవాళ్ళు ఉంటారు. అందుకని వంటతోనే మొదలుపెడతాను. ఇంట్లో నలుగురికి పులిహోర అద్భుతంగా కలిపే ఆవిడను పిలిచి, పెళ్ళిలో వెయ్యిమందికి కలపమంటే ఏమవుతుంది? కొలతలన్నీ 250 రెట్లు చేస్తే సరిపోదు. గుండిగలో అన్నం అడుగున మాడుతుంది, పైన పలుకుగా ఉంటుంది. గాడిపొయ్యి మీద వంట వేరే విద్య. మందుల పరిశ్రమలో నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది ఆ గాడిపొయ్యి వంటే.

దీని వెనక లెక్క చిన్నది. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి రెట్లు పెంచితే లోపల పట్టే ద్రవం వెయ్యి రెట్లవుతుంది. వేడిని బయటికి పంపే గోడ మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. అంటే లీటరుకు దక్కే గోడ పదోవంతుకు పడిపోతుంది. ఈ లెక్క తెలిసి కూడా, ఉద్యోగంలో చేరిన కొత్తలో దెబ్బతిన్నాను. లీటరు ఫ్లాస్కులో ఇరవైసార్లు చక్కగా వచ్చిన రసాయన చర్యను వెయ్యి లీటర్ల రియాక్టరుకి ఎక్కించాం. ఫ్లాస్కులో అరగంటలో పోసినదాన్ని అక్కడా అరగంటలోనే పోయించాను. వేడి పోయే దారి లేక ఉష్ణోగ్రత ఎగబాకింది. ఫోర్‌మన్ చూసి వాల్వు కట్టేయబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. రియాక్టరులో మిగిలింది నల్లటి తారు. నాకు డాక్టరేటు ఉంది, ఆయన హైస్కూలు దాటలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నేను పరిశోధన చేసే రోజుల్లో పైలట్ ప్లాంటులో పనిచేసేవాళ్ళంటే మాకు చిన్నచూపు. పేపర్లు రాయలేనివాళ్ళే అటు వెళతారని నేనూ అన్నాను.

విశ్వవిద్యాలయం పని పేపరు అచ్చు కావడంతో ముగుస్తుంది. కంపెనీ పని, నష్టం రాదని నమ్మకం కుదిరాక మొదలవుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న గాడిపొయ్యి ఖర్చు ఎవరు భరించాలి? జర్మనీవాళ్ళు దీనికి 1949లోనే ఒక సంస్థ పెట్టుకున్నారు. దాని పేరు ఫ్రాన్‌హోఫర్. గాజు తయారుచేస్తూనే సూర్యకాంతిని పరిశోధించిన శాస్త్రజ్ఞుడి పేరది. దాని పరిశోధన ఖర్చులో దాదాపు 30 శాతమే ప్రభుత్వాలు నేరుగా ఇస్తాయి. మిగిలింది కంపెనీల కాంట్రాక్టుల నుంచి, పోటీపడి తెచ్చుకునే ప్రాజెక్టుల నుంచి రావాలి. బయటి డబ్బు మీదే బతికితే కొత్త ఆలోచనకు తీరిక ఉండదు. అంతా సర్కారే ఇస్తే కంపెనీ గుమ్మం తొక్కే అవసరమే ఉండదు. మీ పిల్లలు విన్న ఎంపీత్రీ పాటలకు వెనకున్న పరిశోధనలో పెద్ద భాగం ఆ సంస్థకు ఎర్లాంగెన్‌లో ఉన్న శాఖలో జరిగింది. టెలిఫోను తీగ మీద సంగీతం పంపవచ్చని ప్రొఫెసర్ సైట్జర్ అంటే, పేటెంటు పరీక్షకుడు అది అసాధ్యమన్నాడు. ఆయన విద్యార్థి బ్రాండెన్‌బర్గ్ దాని మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. తీరా 1998లో మొదటి ఎంపీత్రీ ప్లేయరు కొరియా నుంచి వచ్చింది! లైసెన్సు డబ్బులు మాత్రం జర్మనీకే చాలా వచ్చాయి.

మన సంగతికి వద్దాం. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1944లో మొదలుపెట్టిన ప్రయోగశాల 1956లో సీఎస్‌ఐఆర్ కిందికి వచ్చింది. మనలో చాలామంది ఆర్‌ఆర్‌ఎల్ అని పిలిచిన ఆ సంస్థే 1989 నుంచి ఐఐసీటీ. గుంటూరులో పుట్టిన డాక్టర్ ఎ.వి. రామారావు గారు పుణే నేషనల్ కెమికల్ లాబొరేటరీలో పనిచేసి, 1985లో అక్కడికి డైరెక్టరుగా వచ్చారు. ఎయిడ్స్‌కు మొదటి మందు ఏజెడ్‌టీకి అమెరికాలో 1987లో అనుమతి వచ్చింది. అప్పుడు ఏడాది మందుల ఖరీదు ఎనిమిది నుంచి పదివేల డాలర్లు. రామారావు గారి బృందం దాన్ని చవకగా చేసే పద్ధతి తయారుచేసి సిప్లాకు ఇచ్చింది. 1993లో సిప్లా దాన్ని రోజుకు రెండు డాలర్ల లోపు ధరకు విడుదల చేసింది.

ఇది ఒక్కరి తెలివితో అయిన పని కాదు. 1970 నాటి పేటెంటు చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వలేదు. కనుక కొత్త పద్ధతి కనిపెట్టినవాడికి విలువ ఉండేది. ఐడీపీఎల్‌లో గాడిపొయ్యి విద్య నేర్చినవాళ్ళు హైదరాబాదు చుట్టూ ఉండేవారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారూ అక్కడ పనిచేసినవారే. 2005లో చట్టం మారి, మందుకే పేటెంటు వచ్చింది. ఇప్పుడు అదే దారిన నడవడం కుదరదు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. రోజుకు రెండు డాలర్లు మన రోగుల్లో ఎక్కువమందికి అందని ధరే. ప్రయోగశాల తన పని చేసింది, కంపెనీ తన పని చేసింది, కానీ కొని పంచేవాళ్ళు లేరు. 2001లో సిప్లా మూడు మందులు కలిపి రోజుకు డాలరు లోపే ఇస్తామన్నాక గానీ ప్రపంచం కదల్లేదు. ఆ మూడింటిలో ఏజెడ్‌టీ లేదు. అయినా ఆ ధర సాధ్యమని అనిపించింది మాత్రం ఇలాంటి పద్ధతుల వల్లనే.

మనం ఊళ్ళో బడికి గదులు కట్టించాం, చదువుకున్న కాలేజీలో బంగారు పతకాలు పెట్టించాం. మంచిదే, నేనూ ఒక పతకానికి ఇచ్చాను. కానీ యాభై లీటర్ల రియాక్టరు కొనివ్వండని అడిగితే, "దాని మీద పేరు ఎక్కడ రాయిస్తారు?" అని ఒక మిత్రుడు నిజంగానే అడిగాడు. పైగా రియాక్టరు కొంటే అయిపోదు. దాన్ని నడిపేవాడికి ఏటేటా జీతం కావాలి, పాడైన బ్యాచ్‌ల ఖర్చు భరించాలి. మొదటి మూడు బ్యాచ్‌లు తారే అనుకోండి.

నేను డాక్టరేటు చేసిన విభాగంలో అలాంటి గది ఒకటి పెట్టించాలని మేం ఐదుగురం అనుకుంటున్నాం. మాలో నలుగురం కెమిస్టులం. మాకు కావలసింది ప్లాంటు నడిపినవాళ్ళు, ముఖ్యంగా ఏడాదిలో నెల రోజులైనా అక్కడికి వెళ్ళి విద్యార్థుల పక్కన నిలబడగలవాళ్ళు. భోజనాల తర్వాత ఈ హాలు బయటే ఉంటాను. చెక్కుబుక్కు లేకపోయినా రండి.