యంత్రం ముఖాన రాసిన ఊరి పేరు

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా కలకడలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ 1982 నాటి నకారా తీర్పు గుర్తొస్తుంది. పింఛను ఎవరి దయాధర్మమూ కాదని సుప్రీంకోర్టు చెప్పిన రోజది. దాన్ని గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "నీ ఉద్యోగంలో నేర్చుకున్నది ఒక్కటి చెప్పు, పది నిమిషాలు చాలు" అన్నారు. అందుకని ఆ పింఛను మన చేతికి అందే దారిలో ఎక్కడో ఉండే ఒక పెట్టె గురించి, దాని ముఖాన ఉండే రెండు వరుసల తెర గురించి చెబుతాను.

నేను ఈ కలకడలోనే పుట్టినవాణ్ణి. ఉద్యోగమంతా టెలిఫోను పనిలో, పలు ఊళ్ళలో గడిచింది. చేరిన కొత్తలో చేత్తో కలిపే బోర్డులుండేవి. అవతలివారు ఫోను పిడి తిప్పితే బోర్డుమీద వారి నంబరు దగ్గర చిన్న రేకుమూత టప్పున పడేది. మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర కనుక్కోవాలని ఎదురుచూసే రైతు పిలుపు కూడా ఆ మూత పడితేనే మాకు తెలిసేది. తర్వాత సి-డాట్ వారి 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజీలు వచ్చాయి. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. ఏసీ గది లేకుండానే పల్లెల్లో నడిచే యంత్రమది. దానిమీద ఎర్రదీపం వెలిగిందా, పచ్చదీపం వెలిగిందా అని చూసి చెప్పడానికి ఇంజనీరే రానక్కరలేదు.

ఇక మన పెట్టె సంగతి. దాని పేరు కన్సోల్ సర్వర్. ఇంటికి వీధివాకిలి, దొడ్డివాకిలి ఉన్నట్టే రౌటర్ వంటి యంత్రాలకు కూడా రెండు వాకిళ్ళుంటాయి. రోజూ సమాచారం నడిచేది వీధివాకిలి. అది మూసుకుపోతే మరమ్మతు చేసేవాడు దొడ్డివాకిలినుంచి రావాలి. దానిపేరు కన్సోల్ పోర్టు. ఒక గదిలోని పదహారు, ముప్పైరెండు యంత్రాల దొడ్డివాకిళ్ళను ఒకచోట కలిపే సందులాంటిది ఈ కన్సోల్ సర్వర్. దానికి విడిగా ఒక టెలిఫోను లైను, మోడెం తగిలిస్తే నెట్‌వర్కు మొత్తం పడిపోయినా దూరాన ఉన్న ఇంజనీరు ఫోనుమీదుగా లోపలికి వచ్చి పని చక్కబెట్టగలడు.

నేను పనిచేసిన రకంలో పెట్టె ముందుభాగాన రెండు వరుసల తెర, నాలుగు బాణాల మీటలు, ఒక ఎంటర్ మీట ఉండేవి. బాణం నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి పేజీలు మారేవి. తేదీ, సమయం ఒక పేజీ, నెట్‌వర్కు చిరునామా ఒకటి, సాఫ్ట్‌వేర్ వివరం ఒకటి, పెట్టె ఉన్న స్థలం ఒకటి. మనం రాసుకునే రెండు వరుసలకు ఇంకొకటి. ఏ పేజీ ముందు రావాలి, ఏది రాకూడదు, పొడుగు వాక్యం ఎంత వేగంగా జరగాలి, ఎవరూ ముట్టకుండా ఎంతసేపుంటే మొదటి పేజీకి తిరిగి రావాలి, ఇవన్నీ మన చేతిలోనివే. కొన్ని ఆ మీటలతోనే మార్చవచ్చు, కొన్నింటికి కంప్యూటరునుంచి లోపలికి వెళ్ళాలి.

ఇదంతా చిల్లరపని అనుకునేవాణ్ణి, 2008లో ఒక నెల మొదటి తారీఖు దాకా.

అంతకు కొన్నాళ్ళ ముందు ఒక ఊరిలోని పెట్టెను విప్పి ఇంకో ఊరికి తెచ్చి నేనే బిగించాను. పాత ఊళ్ళో కొత్త పెట్టె పెట్టారు. తెచ్చినదానికి చిరునామా మార్చాను, మోడెం చూశాను, అన్ని పోర్టులూ పరీక్షించాను. తెరమీద ఊరి పేరు మాత్రం మార్చలేదు. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

ఆ మొదటి తారీఖు తెల్లవారుజామున లైను పడిపోయింది. గదిలో ఉన్నది రోజుకూలీ మీద పనిచేసే వాచ్‌మన్ ఒక్కడే. దూరాన ఉన్న ఇంజనీరు ఫోనులో "తెరమీద ఏముందో చదువు" అన్నాడు. అతను ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. ఇంజనీరు రిజిస్టరులో ఆ ఊరి పేరు చూసి, ఆ నంబరుకు ఫోను కలిపి, అక్కడ బాగా పనిచేస్తున్న రౌటరును ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. అది సరిగా లేవలేదు. ఒక ఊరి లైను పోయిన చోట రెండు ఊళ్ళ లైన్లు పోయాయి. రెండు ఊళ్ళలోనూ బ్యాంకుల ముందు పింఛనుదారులు మధ్యాహ్నందాకా ఎండలో నిలబడ్డారు.

పైవాళ్ళు ఫోనుచేసి అడిగితే నా నోట వచ్చిన మొదటి మాట, "వాచ్‌మన్ తప్పు చదివుంటాడు." వాళ్ళు రాసుకున్నారు. నేను బస్సు దిగి ఆ గదికి వెళ్ళేసరికి అతను వాకిట్లో నిలబడి ఉన్నాడు. "దాంట్లో ఏముందో అదే చదివినాను సార్. మీరే చూడండి" అన్నాడు. చూశాను. నా చేతులతో ఎప్పుడో రాసిన పాత ఊరి పేరు నిశ్చింతగా వెలుగుతోంది.

ఆ సాయంత్రమే తప్పు నాదని కాగితం పెట్టాను. మెమో ఇచ్చారు. అతని పని నిలిచింది. మెమో ఇంకా మా ఇంట్లో ఉంది. అవార్డు కాగితాలకంటే అదే నాకు ఎక్కువ నేర్పింది.

ఆ తర్వాత నేను బిగించిన ప్రతి పెట్టెకూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి పేజీలో ఊరి పేరు, గది పేరు. కింది వరుసలో కష్టం వస్తే పిలవవలసిన ఫోను నంబరు. అక్షరాలు పరిగెత్తకూడదు, కూడబలుక్కుని చదివేవాడికి కూడా అందాలి. నెట్‌వర్కు చిరునామా దారినపోయేవారికి కనబడే పేజీలో ఉండకూడదు. మీటలకు తాళం వేయాలి. ఫ్యాక్టరీనుంచి వచ్చిన రహస్య సంఖ్యను తొలిరోజే మార్చాలి, లేకపోతే అది తెలిసినవారెవరైనా మీటలు నొక్కి అమరికలన్నీ చెరిపేయవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పెట్టె కదిలినా, ఫోను నంబరు మారినా, తెరమీద రాత కూడా ఆ పూటే మారాలి. మార్చినవాడు రిజిస్టరులో రాసి, తెర ముందు నిలబడి పైకి చదివి చూసుకోవాలి.

2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. మనం బ్రతికే ఉన్నామని చెప్పడానికి వేలిముద్ర కూడా ఇలాంటి తీగల మీదుగానే పోతోంది. మన పిల్లలు, కోడళ్ళు, అల్లుళ్ళు చాలామంది ఇటువంటి గదుల్లోనే పనిచేస్తున్నారు. వాళ్ళకు ఒక్కమాట చెప్పండి. యంత్రం లోపలి సంగతి తెలిసినవాడికి ముందున్న తెర అక్కరలేదు. అది అర్ధరాత్రి ఒంటరిగా దాని ఎదుట నిలబడినవాడికోసం. అతను చదివేది నిజమై ఉండాలి.