అమ్మ చదవగలిగే కార్డు



ఏటా సంక్రాంతి సెలవుల ముందు మా హాస్టల్లో పిల్లలూ మేమూ కలిసి కార్డులు చేస్తాం. కొనేదేమీ లేదు. పాత నోటుబుక్కు అట్టే కార్డు. ఎర్రమట్టి, పసుపు, బొగ్గు, బియ్యప్పిండి మన రంగులు. రాత్రి నానబెట్టిన తుమ్మజిగురు కలిపితే ఆరాక రాలవు. వెదురుపుల్ల కొస నలగ్గొడితే కుంచె.

మొదట్లో మేమొక పొరపాటు చేశాం. 'సంక్రాంతి శుభాకాంక్షలు' అని అందంగా రాయించాం. సెలవులయ్యాక ఒక పాప చెప్పింది: "అమ్మ తిప్పి తిప్పి చూసింది మేడమ్. చదవడం రాదు కదా." మేము తలొంచుకున్నాం. మరుసటి ఏడాది నుంచి అక్షరాలు తగ్గించి, కొండపోడు, కందిచేను, మేకపిల్ల గీయించాం. ఇప్పుడు ఆ కార్డులు ఇళ్లల్లో వాసాల సందున దోపి, దాచుకుంటున్నారు.

ఇంకొక్క మాట. సవర ఇళ్లల్లో గోడమీద వేసే బొమ్మ వట్టి అలంకారం కాదు, పెద్దలకూ దేవతలకూ చెల్లించే మొక్కు. దాన్ని కార్డుమీదికి తెచ్చేముందు ఊరి పెద్దలను అడగండి. అడిగితే దాని కథ కూడా చెబుతారు.

ఈసారి కందికొత్తల పండుగకు ఫోన్లో బొమ్మ పంపి ఊరుకోకండి. ఒక అట్టముక్క తీసుకుని, అమ్మ పక్కన కూర్చుని గీయండి.