చట్టానికి సాక్షి కావాలి



పుట్టుకను బట్టి మనిషిని హీనపరచరాదని మన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. 1955లో శిక్షల చట్టమూ వచ్చింది. అయినా 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఏం జరిగింది? మంచినీళ్ల చెరువు దగ్గర పుట్టిన తగాదా మర్నాటికి ఆరుగురు మాదిగలను బలిగొంది. బాధితులు చీరాలలో శిబిరం వేసుకుని న్యాయం అడిగారు. అటువంటి పోరాటాల ఫలితమే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం.

చట్టం వచ్చాక కూడా 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు, నేరం రుజువు కాలేదని అందరినీ వదిలేసింది. అంటే చట్టం రాసి ఉంటే చాలదు. దర్యాప్తు వెంటనే సాగాలి, సాక్ష్యం నిలవాలి.

ఆ చట్టం మనకోసం కాదు గదా అని ఊరుకోవద్దు. తిరువూరు బజారులో పక్కవాణ్ణి కులం పేరున అవమానిస్తే చూసిన సాక్షిని నేనో, మీరో కావచ్చు. సాక్షులకు రక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని 2015 సవరణ చెబుతోంది. మతం పేరున ద్వేషం రెచ్చగొడితే శిక్షించే పాత 153-ఏ సెక్షను, 2024 జూలై నుంచి న్యాయ సంహిత 196గా ఉంది. రేపు మనకు ఆ అవసరం వస్తే సాక్షి చెప్పవలసింది ఆ పక్కవాడే.

కనుక చూసింది చూసినట్టు, ఆ రోజే స్టేషనులో రాయించండి.